సివిక్స్ టీచర్ చదువుకి 24 వేల డాలర్లు: మాడిసన్ ఫెలోషిప్ వెనకున్న లెక్క

అమెరికాలో 2022లో ఎనిమిదో తరగతి పిల్లలకి జాతీయ స్థాయి సివిక్స్ పరీక్ష పెడితే 'ప్రొఫిషియంట్' అనే స్థాయిని అందుకున్నది నూటికి 22 మందే. 2018లో 153 ఉన్న సగటు స్కోరు 150కి దిగింది. ఇప్పటి పద్ధతిలో ఈ పరీక్ష మొదలైన 1998లోనూ సగటు 150యే. అంటే పాతికేళ్లలో నెమ్మదిగా ఎక్కిన ఆ కాస్త మెట్టూ ఒక్కసారిగా పోయింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. ప్రొఫిషియంట్ అంటే పాస్ మార్కు కాదు, అంతకంటే బాగా పైన ఉండే గీత. కాబట్టి మిగతా 78 మందికి ఏమీ రాదని అర్థం కాదు. అయినా స్కోరు కిందికి దిగిందన్నది నిజం.

2026 జూలై 4కి అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు. ఆ సందర్భంలో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది: పిల్లలకి రాజ్యాంగం ఎందుకు ఒంటబట్టడం లేదు? లోపం సిలబస్‌లో ఉందా, ఆ సబ్జెక్టుకి ఇచ్చే పీరియడ్లలో ఉందా, పాఠం చెప్పేవాళ్ల తయారీలో ఉందా? ఈ మూడో ప్రశ్నకి నలభై ఏళ్ల కిందటే ఒక జవాబు చట్టంగా వచ్చింది. దాని పేరు జేమ్స్ మాడిసన్ మెమోరియల్ ఫెలోషిప్. సివిక్స్, అమెరికా చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థ బోధించే హైస్కూల్ టీచర్లని మళ్లీ యూనివర్సిటీకి పంపి, రాజ్యాంగం లోతుగా చదివించే ఏర్పాటు ఇది. పైకి మామూలు స్కాలర్‌షిప్‌లా కనిపిస్తుంది కానీ, దగ్గరికెళ్లి చూస్తే ఇదొక ఒప్పందం. దాని షరతుల్లోనే అసలు ఆలోచన దాగి ఉంది.

ఇక్కడ ఫెలోషిప్ అంటే ఏమిటి

మంచి మార్కులు వచ్చిన విద్యార్థి ఫీజు కోసం ఇచ్చేది స్కాలర్‌షిప్. చేసిన పనికి మెచ్చి ఇచ్చేది అవార్డు. మాడిసన్ ఫెలోషిప్ ఈ రెండూ కాదు. ఇకముందు చేయబోయే పని కోసం ముందుగానే ఇచ్చే పెట్టుబడి ఇది. మాస్టర్స్ డిగ్రీ చదవడానికి గరిష్ఠంగా 24,000 డాలర్లు ఇస్తారు. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలు, వసతి, భోజనం ఖర్చులకి ఆ డబ్బు వాడుకోవచ్చు. ఏడాదికి 12,000 డాలర్లకి మించదు.

అర్హులు రెండు రకాలు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి పార్ట్ టైమ్‌గా చదివేవారు సీనియర్ ఫెలోలు. వీళ్లకి ఐదేళ్ల వరకు గడువు ఉంటుంది. డిగ్రీ పూర్తిచేసి టీచర్ కావాలనుకునేవాళ్లు, లేదా ఉద్యోగంలో అప్పుడే చేరినవాళ్లు జూనియర్ ఫెలోలు. వీళ్లు ఫుల్ టైమ్‌గా రెండేళ్లలో పూర్తిచేయాలి. ఎవరైనా సరే ఏడు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి బోధించేవారో, బోధించదలచినవారో అయి ఉండాలి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్ కార్డు సరిపోదు.

ఏ మాస్టర్స్ పడితే అది చదివితే కుదరదు. చరిత్ర, పొలిటికల్ సైన్స్, ప్రభుత్వ వ్యవస్థల్లో ఎం.ఏ. గానీ, ఆ సబ్జెక్టుల మీద దృష్టిపెట్టిన టీచింగ్ డిగ్రీ గానీ అయి ఉండాలి. స్కూల్ అడ్మినిస్ట్రేషన్ చదివి ప్రిన్సిపాల్ అయిపోదామనుకునేవాళ్లకి ఇది దారి కాదు. మనిషిని తరగతి గదిలోనే నిలబెట్టాలన్నది దీని పట్టుదల.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

1787లో ఫిలడెల్ఫియాలో రాసుకున్న రాజ్యాంగానికి 1987లో రెండు వందల ఏళ్లు నిండాయి. దానికి ముందు ఏడాది, 1986లో, అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం చేసి ఈ ఫెలోషిప్ ఇచ్చే ఫౌండేషన్‌ని పెట్టింది. రాజ్యాంగ పితగా పేరున్న జేమ్స్ మాడిసన్ పేరు పెట్టారు. మొదటి ఫెలోలు 1992లో ఎంపికయ్యారు. ఇది ప్రభుత్వంలోనే భాగమైనా స్వతంత్రంగా నడిచే చిన్న సంస్థ. ధర్మకర్తల మండలిలో రెండు పార్టీల సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు, ఫెడరల్ జడ్జీలు ఉంటారు.

ప్రతి ఏటా బడ్జెట్ కోసం చెయ్యి చాచే అవసరం లేకుండా ట్రస్టు ఫండ్ ఏర్పాటు చేశారు. కాంగ్రెస్ మూలధనం ఇచ్చింది. 1993లో మాడిసన్ పేరుతో, హక్కుల పత్రం (రాజ్యాంగానికి చేసిన మొదటి పది సవరణలు) గుర్తుగా బంగారు, వెండి నాణేలు విడుదలచేసి, వాటి ధర మీద అదనంగా వసూలైన మొత్తాన్ని కూడా ఇందులో కలిపారు. ప్రైవేటు విరాళాలు వేరే. అసలు సొమ్ము ట్రెజరీ బాండ్లలో, అంటే ప్రభుత్వ రుణపత్రాల్లో ఉంటుంది, దాని మీద వచ్చే వడ్డీతో పని నడుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఊహించిన అంకెలతో చూద్దాం. ఫండ్‌లో 4 కోట్ల డాలర్లు ఉన్నాయనుకోండి. వడ్డీ 5 శాతం ఉన్న ఏడాది 20 లక్షల డాలర్లు వస్తాయి. ఆఫీసు, వేసవి తరగతుల ఖర్చు 6 లక్షలు పోతే 14 లక్షలు మిగులుతాయి. తలా 24,000 చొప్పున 58 మందికి సరిపోతుంది. అదే వడ్డీ 2 శాతానికి పడితే వచ్చేది 8 లక్షలు, మిగిలేది 2 లక్షలు. దాంతో 8 మందికే ఇవ్వగలరు. నిజానికి డబ్బు ఒక్కసారే ఇవ్వరు, చదువు సాగేకొద్దీ విడతలుగా ఇస్తారు కాబట్టి దెబ్బ ఇంత సూటిగా తగలదు. కానీ బోధనతో ఏ సంబంధమూ లేని వడ్డీ రేటు, ఎంతమంది టీచర్లు చదువుకోవాలో నిర్ణయించే పరిస్థితి మాత్రం ఉంది. దానికి బదులుగా దొరికేది రాజకీయాల నుంచి కొంత రక్షణ. ప్రభుత్వం మారగానే పద్దు కొట్టేయడం అంత తేలిక కాదు.

ఒక టీచర్ జేబు లెక్క

ఒహాయోలో పనిచేసే ఒక సోషల్ టీచర్‌ని ఊహించుకుందాం. సాయంత్రాలు, వేసవి సెలవుల్లో చదివి 36 క్రెడిట్ల మాస్టర్స్ పూర్తిచేయాలి. క్రెడిట్ అంటే అక్కడి యూనివర్సిటీల్లో చదువుని కొలిచే యూనిట్. ఒక క్రెడిట్‌కి సుమారు 15 గంటల క్లాసు అనుకోవచ్చు. క్రెడిట్ 600 డాలర్లయితే ట్యూషన్ 21,600. పుస్తకాలు, ఫీజులకి 1,500 కలిపితే 23,100. ఫెలోషిప్ డబ్బు సరిపోయి కొంచెం మిగులుతుంది కూడా.

అదే టీచర్ క్రెడిట్ 1,000 డాలర్లు తీసుకునే పెద్ద యూనివర్సిటీకి వెళ్తే ట్యూషన్ ఒక్కటే 36,000. పన్నెండు వేలకి పైగా సొంత జేబులోంచి పెట్టుకోవాలి. అందుకే ఫీజు తక్కువ ఉన్న ఆన్‌లైన్ కోర్సు వైపు మనసు లాగడం సహజం. చదివినందుకు ఫలితం జీతంలోనూ ఉంటుంది. అమెరికాలో చాలా చోట్ల టీచర్ల జీతాల పట్టికలో బ్యాచిలర్స్‌కి ఒక వరస, మాస్టర్స్‌కి ఇంకో వరస ఉంటాయి. డిగ్రీ రాగానే వరస మారుతుంది, ఆ పెంపు రిటైరయ్యేదాకా ఉంటుంది.

పన్నెండు క్రెడిట్ల షరతు

నా దృష్టిలో ఈ ఫెలోషిప్‌కి ప్రాణం డబ్బు కాదు, ఈ షరతు. మాస్టర్స్‌లో కనీసం 12 క్రెడిట్లు నేరుగా అమెరికా రాజ్యాంగానికి సంబంధించినవై ఉండాలి. అంటే రాజ్యాంగం ఎలా పుట్టింది, దాని వెనక ఏ ఆలోచనలు ఉన్నాయి, తర్వాత కోర్టులు దాన్ని ఎలా చదివాయి అన్నవి. వీటిలో 6 క్రెడిట్లు వేసవి ఇన్‌స్టిట్యూట్‌లో సంపాదించుకోవచ్చు. నాలుగు వారాల పాటు వాషింగ్టన్‌లో జరిగే ఈ తరగతులకి చాలా ఏళ్లు జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వేదిక. రాష్ట్రాల నుంచి వచ్చిన టీచర్లు మళ్లీ విద్యార్థులై, 1787 నాటి చర్చలు, రాజ్యాంగాన్ని సమర్థిస్తూ మాడిసన్, హామిల్టన్, జాన్ జే రాసిన 85 వ్యాసాల్లోని ముఖ్యమైనవి చదివి వాదించుకుంటారు. సుప్రీంకోర్టుకి, వర్జీనియాలో మాడిసన్ ఉన్న మాంట్‌పీలియర్ ఇంటికి వెళ్లివస్తారు.

ఇంత లోతు హైస్కూల్ పిల్లలకి అవసరమా అన్న సందేహం న్యాయమైనదే. ఒక తరగతి గదిలో జరిగే సంభాషణని ఊహించి చూస్తే ఆ అవసరం తెలుస్తుంది.

పాఠం మొదటి సవరణ, అంటే వాక్స్వేచ్ఛ. ఒక కుర్రాడు లేచి అడిగాడు: "సార్, ఇందులో 'కాంగ్రెస్ ఏ చట్టమూ చేయకూడదు' అని ఉంది. మా ప్రిన్సిపాల్ కాంగ్రెస్ కాదుగా. నేను పెట్టిన పోస్టుకి ఆయన నన్ను సస్పెండ్ చేస్తే ఈ సవరణ నాకెలా పనికొస్తుంది?"

ఇది చాలా మంచి ప్రశ్న. టెక్స్ట్‌బుక్ ఒక్కటే చదివి వచ్చిన టీచర్ దగ్గర దీనికి జవాబు ఉండకపోవచ్చు. "వాక్స్వేచ్ఛ అంటే ఎవరైనా ఏదైనా అనొచ్చు" అంటే తప్పు. "స్కూల్లో స్కూలు రూల్సే" అన్నా తప్పే.

చదువుకున్న టీచర్ ఇక్కడి నుంచి మొదలుపెడతాడు. కుర్రాడు చదివింది సరిగ్గానే ఉంది. 1791లో ఆమోదం పొందినప్పుడు ఆ సవరణ కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేసేది. రాష్ట్రాలని కూడా కట్టడి చేయాలని 1789లో మాడిసన్ ప్రతిపాదించాడు. ప్రతినిధుల సభ సరేనన్నా సెనేట్ ఒప్పుకోలేదు. అంతర్యుద్ధం తర్వాత, 1868లో, రాష్ట్రాలు కూడా న్యాయమైన పద్ధతి లేకుండా ఎవరి స్వేచ్ఛనీ లాక్కోకూడదనే పద్నాలుగో సవరణ వచ్చింది. దాని ఆధారంగా 1925 నుంచి సుప్రీంకోర్టు వాక్స్వేచ్ఛని రాష్ట్రాలకీ వర్తింపజేస్తూ వచ్చింది. ప్రభుత్వ పాఠశాల రాష్ట్రంలో భాగం, అందుకే ప్రిన్సిపాల్ కూడా దాని పరిధిలోకి వస్తాడు. ప్రైవేటు స్కూలైతే రాడు.

ఇక పోస్టు సంగతి. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ నల్ల బ్యాడ్జీలు కట్టుకొచ్చిన పిల్లలని సస్పెండ్ చేస్తే, 1969లో టింకర్ కేసులో సుప్రీంకోర్టు 7–2తో పిల్లల పక్షాన నిలిచింది. చదువుకి గట్టిగా అడ్డం పడితేనే స్కూలు ఆపగలదని చెప్పింది. 1986లో మరో కేసులో, స్కూల్ సభలో అసభ్యంగా మాట్లాడితే శిక్షించవచ్చంది. 2021లో మహనాయ్ కేసు వచ్చింది. చీర్‌లీడింగ్ పెద్ద జట్టులో చోటు దొరకలేదని ఒక అమ్మాయి సెలవురోజున స్నాప్‌చాట్‌లో తిడుతూ పోస్టు పెట్టింది. స్కూలు శిక్షించింది. కోర్టు 8–1తో అమ్మాయి వైపు తీర్పు చెప్పింది. అలాగని స్కూలు బయటి మాటల మీద స్కూలుకి ఎప్పుడూ అధికారమే లేదని మాత్రం అనలేదు. బెదిరింపులు, తీవ్రమైన వేధింపుల్లాంటివి వేరు.

ఇప్పుడు తరగతిలో అసలు చర్చ మొదలవుతుంది: నీ పోస్టు వీటిలో దేనికి దగ్గర? టీచర్ తన అభిప్రాయం చెప్పనక్కర్లేదు, ఏ పార్టీనీ తలవనక్కర్లేదు. పిల్లలు ఆధారాలతో వాదించుకుంటారు. లోతుగా చదవడం వల్ల టీచర్‌కి కలిగే పెద్ద లాభం ఈ ధైర్యమే. విషయం తెలియని టీచర్ వివాదం వస్తుందన్న టెన్షన్‌తో టాపిక్ మార్చేస్తాడు. తెలిసిన టీచర్ ఆ ప్రశ్ననే పాఠం చేస్తాడు.

చదివాక తీర్చాల్సిన బాకీ

ఫెలోషిప్ మీద ఎన్ని పూర్తి విద్యా సంవత్సరాలకి సరిపడా చదివితే అన్నేళ్లు హైస్కూల్లో పూర్తికాలం టీచర్‌గా పనిచేయాలి. రెండు విద్యా సంవత్సరాల చదువుకి డబ్బు తీసుకుంటే రెండేళ్ల బోధన. మాట తప్పితే తీసుకున్న మొత్తం అప్పుగా మారి, వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. మన దగ్గర మెడికల్ పీజీ చేసిన డాక్టర్లు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తామని రాసే బాండు లాంటిదే ఇది.

ఈ షరతు మీద రెండు మాటలు వినిపిస్తాయి. ప్రజల డబ్బుతో చదివి కార్పొరేట్ ఉద్యోగానికి వెళ్లిపోతే ఎలా అన్నది మొదటిది. మనిషి బతుకులో ఏమైనా జరగొచ్చు, ఆరోగ్యం పాడవొచ్చు, స్కూల్లో పోస్టు పోవచ్చు, అప్పుడు 24 వేల అప్పు మోయడం టీచర్ జీతానికి భారం కాదా అన్నది రెండోది. రెండో భయం కొట్టిపారేసేది కాదు. అయినా గడువు మామూలుగా ఒకటి రెండేళ్లే కాబట్టి, ఉద్యోగంలో స్థిరపడిన సీనియర్ ఫెలోకి ఇది పెద్ద బరువు కాదనే నేను అనుకుంటాను. ఇంకా ఏ స్కూల్లోనూ చేరని జూనియర్ ఫెలో మాత్రం సంతకం పెట్టేముందు ఆలోచించుకోవాల్సిందే.

రాష్ట్రానికొకరు: వయోమింగ్, కాలిఫోర్నియా సమానమేనా

ఏటా ఒక్కో రాష్ట్రం నుంచి తగిన అభ్యర్థి ఉంటే ఒకరిని ఎంపికచేయాలన్నది మూల సూత్రం. నిధులుంటే ఎక్కువమందిని తీసుకోవచ్చు. 2020 జనాభా లెక్కల్లో కాలిఫోర్నియాలో 3.95 కోట్ల మంది, వయోమింగ్‌లో 5.77 లక్షల మంది ఉన్నారు. దాదాపు 68 రెట్ల తేడా. ఇద్దరికీ ఒక్కో సీటే అయితే, కాలిఫోర్నియా టీచర్‌కి పోటీ ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇది అన్యాయమనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ఫలితం పిల్లలకి అందాలి, పిల్లలు ఎక్కువున్న చోట టీచర్లు ఎక్కువ కావాలి. సమర్థించేవాళ్లు వేరే కోణం చూపిస్తారు. పెద్ద రాష్ట్రాల్లో యూనివర్సిటీలు, మ్యూజియంలు, శిక్షణ సంస్థలు ఎలాగూ ఉన్నాయి. జనం పలచగా ఉన్న రాష్ట్రంలో, దగ్గరి యూనివర్సిటీకి గంటల ప్రయాణం ఉన్న ఊరి టీచర్‌కి ఈ ఒక్క సీటే కొత్త తలుపు తెరుస్తుంది. పైగా ప్రతి రాష్ట్రానికీ వాటా ఉంది కాబట్టి ప్రతి సెనేటర్‌కీ ఈ సంస్థ తనదే అనిపిస్తుంది. చిన్న సంస్థ ఇన్నేళ్లు నిలబడడానికి అది కూడా ఒక బలమే.

ఇదే తగువు 1787లో మాడిసన్ ముందుకూ వచ్చింది. పార్లమెంటులో రెండు సభల్లోనూ జనాభాని బట్టే సీట్లు ఉండాలని ఆయన గట్టిగా పట్టుబట్టాడు. చిన్న రాష్ట్రాలు ఒప్పుకోలేదు. చివరికి ప్రతినిధుల సభలో జనాభాని బట్టి, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు అని రాజీ కుదిరింది. ఆయన్ని ఓడించిన పక్షం పద్ధతే ఆయన పేరున్న ఫెలోషిప్‌లో అమలవుతోంది. ఫెలో అయిన టీచర్ సెనేట్ పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

కొద్దిమందికి లోతుగానా, ఎక్కువమందికి పైపైనా

అసలు వాదం ఇక్కడుంది. మళ్లీ ఊహించిన అంకెలే. ఒక టీచర్ రోజుకి ఐదు సెక్షన్లు, సెక్షన్‌కి 28 మంది చొప్పున ఏడాదికి 140 మందికి బోధిస్తాడు. 15 ఏళ్లు పనిచేస్తే 2,100 మంది. 24,000 డాలర్లని పంచితే తలకి పదకొండున్నర డాలర్లు కూడా పడవు.

అవే 24,000 డాలర్లతో మనిషికి 300 చొప్పున 80 మంది టీచర్లకి రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టొచ్చు. ఒక్కొక్కరికి 140 మంది పిల్లలుంటే ఒక్క ఏడాదిలోనే 11,200 మందికి ఎంతో కొంత చేరుతుంది. తలకి రెండు డాలర్ల చిల్లర.

అంకెల్లో వర్క్‌షాపే గెలిచింది. కానీ ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదాంట్లో ఎంత నిలుస్తుంది? పైన కుర్రాడు అడిగిన ప్రశ్నకి రెండు రోజుల వర్క్‌షాప్ చేసిన టీచర్ జవాబు చెప్పగలడా? నాకు నమ్మకం లేదు. అదే సమయంలో మాస్టర్స్‌ని గుడ్డిగా వెనకేసుకురావడానికీ లేదు. ఏదో ఒక మాస్టర్స్ ఉన్నంత మాత్రాన పిల్లల మార్కుల్లో పెద్ద తేడా ఉండదని అమెరికాలో చాలా పరిశోధనలు తేల్చాయి. బోధించే సబ్జెక్టులోనే డిగ్రీ ఉంటే తేడా కనిపించిందన్న ఆధారాలు ఎక్కువగా లెక్కలకి సంబంధించినవి. సివిక్స్‌కి అంతే సూటిగా వర్తింపజేయలేం. 12 క్రెడిట్ల షరతు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది: అది లేకపోతే ఇది కూడా ఏదో ఒక మాస్టర్స్ అయిపోయేది.

ఇంకో వర్గం ప్రశ్నే మార్చేస్తుంది. పాత పత్రాలు చదవడం కాదు, పిల్లల చేత పని చేయించాలి అంటారు వాళ్లు. ఊళ్లో ఒక సమస్య ఎంచుకుని, వివరాలు సేకరించి, కౌన్సిల్ ముందు మాట్లాడించడం. దీన్ని అక్కడ యాక్షన్ సివిక్స్ అంటారు. మసాచుసెట్స్ 2018లో చట్టం చేసి, విద్యార్థులే నడిపే సివిక్స్ ప్రాజెక్టుని స్కూళ్లలో తప్పనిసరి చేసింది. టెక్సాస్ 2021లో ఎదురు దారి పట్టింది: రాజకీయ ప్రచారం, లాబీయింగ్ లాంటి పనులకి కోర్సులో మార్కులు ఇవ్వకూడదంది. టీచర్లు తమ రాజకీయాలని పిల్లల మీద రుద్దుతారన్నది అక్కడి భయం. చేతల్లో దిగకుండా పౌరులు తయారవరన్నది మసాచుసెట్స్ నమ్మకం.

మాడిసన్ ఫెలోషిప్ ఈ గొడవలో నేరుగా ఏ పక్షమూ తీసుకోదు, దాని బరువు మాత్రం పత్రాలు, చరిత్ర వైపే ఉంటుంది. రెండూ ఒకదానికొకటి శత్రువులని నేను అనుకోను. కౌన్సిల్ ముందు మాట్లాడే పిల్లకి ఆ కౌన్సిల్‌కి అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే, మాట ఎవరితో చెప్పాలో కూడా తెలియదు.

కేంద్రం పాఠంలో వేలు పెట్టొచ్చా

అమెరికాలో చదువు రాష్ట్రాల పరిధిలోనిది. రాష్ట్రాల్లోనూ స్థానిక స్కూల్ డిస్ట్రిక్టులకి చాలా అధికారం ఉంటుంది. 1979లో కేంద్ర విద్యాశాఖని పెట్టిన చట్టంలోనే, సిలబస్ మీద కేంద్రం అదుపు చేయకూడదని రాసుకున్నారు. మరి కేంద్ర చట్టంతో పుట్టిన సంస్థ టీచర్లు ఏం చదవాలో ఎలా చెబుతుంది? పిల్లలకి ఏం బోధించాలో ఇది చెప్పదు. టీచర్ చదువుకి మాత్రమే సాయం చేస్తుంది, అది కూడా ఇష్టపడి దరఖాస్తు పెట్టుకున్నవారికే. తిరిగొచ్చాక తన రాష్ట్రం సిలబస్సే చెబుతాడు. ఈ తేడా సన్ననిదే అయినా నిజమైనది.

తెలుగువాళ్లకి దీంతో ఏం పని

ఆంధ్ర, తెలంగాణల నుంచి వీసాల మీద వెళ్లి అమెరికా స్కూళ్లలో పనిచేస్తున్న టీచర్లకి ఈ ఫెలోషిప్ దొరకదు, పౌరసత్వం వచ్చేదాకా ఆగాల్సిందే. అక్కడే పుట్టిపెరిగి సోషల్ టీచర్ కావాలనుకునే మన పిల్లలు మాత్రం నిక్షేపంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరసత్వ పరీక్షకి చదివే తల్లిదండ్రులకి మాడిసన్ పేరు కొత్తేమీ కాదు. పాత వంద ప్రశ్నల జాబితాలో, రాజ్యాంగాన్ని సమర్థించిన ఆ వ్యాసాల రచయితల్లో ఒకరి పేరు చెప్పమనే ప్రశ్న ఉంది. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవారికి జాబితా 128 ప్రశ్నలకి పెరిగింది. 20 అడిగితే 12 సరిగ్గా చెప్పాలి. ఇక ఇండియాలోని టీచర్లకి ఫుల్‌బ్రైట్ పేరుతో ఉన్న కార్యక్రమాలు వేరు. అవి కొన్ని వారాలో, ఒక సెమిస్టరో ఉండే అనుభవాలు, డిగ్రీ ఇచ్చేవి కావు.

మన స్కూళ్ల పరిస్థితి చూస్తే ఈ ఆలోచన ఇంకా దగ్గరగా తగులుతుంది. మన సోషల్ సారు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఒక్కడే చెబుతాడు. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదవకుండానే సోషల్ స్కూల్ అసిస్టెంట్ అయినవాళ్లు ఎందరో ఉన్నారు. అది వాళ్ల తప్పు కాదు, అర్హతల నిబంధన అలా ఉంది. కానీ ప్రాథమిక హక్కుల పాఠం వచ్చినప్పుడు ఆరు హక్కుల పేర్లు వరసగా రాయించి ముందుకెళ్లిపోవడమే జరుగుతుంటుంది.

అక్కడ చెప్పడానికి ఎంత ఉందో ఒక్క కేసు చూడండి. జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లలని కేరళలో స్కూలు నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల వైపు తీర్పిచ్చింది. రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. జెండాకి వందనం చేయని పిల్లల గురించి అమెరికా సుప్రీంకోర్టు 1943లో ఇచ్చిన బార్నెట్ తీర్పుని కూడా అందులో చర్చించారు. 19వ అధికరణం, 25వ అధికరణం, పరదేశపు తీర్పు, పిల్లల చదువు, దేశం మీద గౌరవం అన్నీ ఒకే కథలో ఉన్నాయి. పదో తరగతి పిల్లలకి వారం రోజుల పాఠానికి సరిపోతుంది, టీచర్ దాన్ని చదివి ఉంటే.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. మాడిసన్ ఫెలో వేసవిలో సంపాదించే 6 క్రెడిట్లు, పైన చెప్పిన లెక్క ప్రకారం, సుమారు 90 గంటల క్లాసు. గంటల్లో తేడా ఉన్నా దాన్ని పూడ్చలేమని కాదు. ఆ 50 గంటలు యాప్‌లు, అటెండెన్స్, మూల్యాంకనం ఫారాల మీద పోతాయా, లేక అందులో కొన్ని గంటలైనా సోషల్ టీచర్ రాజ్యాంగ సభ చర్చలు, ఇలాంటి నాలుగు తీర్పులు చదవడానికి కేటాయిస్తారా అన్నది శిక్షణ ఖరారుచేసే రాష్ట్ర అధికారుల చేతిలో ఉంది. దానికి కొత్త చట్టం గానీ, ట్రస్టు ఫండ్ గానీ అక్కర్లేదు.